పిస్సమ్మ వేషం ఎవరిది

గణపతిరావు నోరు ఒక్కనాడూ ఊరికే ఉండేది కాదు. ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో వ్యాగన్ షాపు ఫిట్టరు అతను. ఆ షాపులో రివెట్ల మోతకి పక్కవాడు అరిచినా వినపడదు. అయినా గణపతిరావు మాట మాత్రం మూడో లైనుదాకా వినపడేదని తోటివాళ్ళు చెప్పుకునేవారు. వినపడే మాటల్లో సగం సొంత డప్పే. పాలకొండ వైపునుంచి పదిహేడో ఏట మేనమామ చెయ్యి పట్టుకుని వచ్చాడు, ఖలాసీగా చేరాడు, సుత్తి మోశాడు, ఫిట్టరయ్యాడు, క్వార్టరు సంపాదించాడు. అంతవరకూ ఏ గొడవా లేదు, ఆ ఊళ్ళో తెలుగువాళ్ళలో నూటికి తొంభైమంది కథ అదే. మనవాడికి అదనంగా నాటకాల పిచ్చి పట్టింది.

పెద్ద వేషాలు రాలేదు పాపం. గొంతు బొంగురు, పద్యం ఎత్తితే హార్మోనియం వాడు తల పట్టుకునేవాడు. అందుకని రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు నాటకం పడినప్పుడల్లా, తెర దించి సీను మార్చే పదినిమిషాలూ జనం లేచిపోకుండా నవ్వించే పని అతనికి అప్పగించారు. ఆ పని మాత్రం బాగా చేసేవాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఎవరినైనా ఒక పూట చూస్తే చాలు, మర్నాటికి వాళ్ళ నడకా నత్తీ దింపేసేవాడు. ఫోర్‌మన్ దొరని చేశాడు, టికెట్ కలెక్టరుని చేశాడు, మార్వాడీ కొట్టువాణ్ణి చేశాడు. చివరికి ఒకరోజు సొంత పెళ్ళాన్ని చేశాడు.

పెళ్ళాం పేరు జోగమ్మ. పాలకొండ వైపే ఉండిపోయిన ఇంకో మేనమామ కూతురే. పంతొమ్మిదొందల నలభై ఎనిమిదిలో కాపురానికొచ్చింది. మొగుణ్ణి ‘బావా’ అనీ ‘నువ్వు’ అనీ పిలిచేది. అతనికి మించిన మాటకారి. ఆమె కుళాయి దగ్గర బిందె పెడితే నీళ్ళు నిండి పొర్లిపోయినా అక్కడి ఆడవాళ్ళు కదిలేవారు కాదు. ఎవరింట్లో పెళ్ళైనా నలుగు పెట్టేటప్పుడు పాట ఎత్తడానికి జోగమ్మ రావలసిందే. వియ్యపురాలిని దెప్పే పాటలు ఆమె నోట వింటే, దెప్పించుకున్నవాళ్ళు కూడా చీర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వేవారు.

వచ్చిన కొత్తలో మాత్రం ఆమెకి బెంగాలీ ముక్క రాదు. పక్క క్వార్టరులో ఘోష్ అనే గార్డు ఉండేవాడు. గూడ్సు బండ్లతో వాల్తేరు వైపు తిరిగి తిరిగి కాస్త తెలుగు పట్టుబడిన మనిషి. అతని నాలుగేళ్ళ కూతురు ఒకరోజు గుమ్మంలోకొచ్చి, “పిషీ! ఓ పిషీ!” అని పిలిచింది. జోగమ్మకి ఒళ్ళు మండిపోయింది. మన ఉత్తరాది నోటికి పిచ్చి అంటే పిస్సి కదా మరి! “ఓలమ్మో, నాను పిస్సిదాన్నా? నీ యమ్మ పిస్సిది! నీ యబ్బ పిస్సోడు!” అంటూ చీపురు తీసుకుని పిల్ల వెంటపడింది. పిల్ల కేరుమని తండ్రి కాళ్ళ మధ్య దూరింది. ఘోష్ దాదా రెండు చేతులూ అడ్డం పెట్టి, “కొట్టొద్దమ్మా. పిషీ అంటే మేనత్త. నువ్వు నాకు చెల్లి అని నేనే చెప్పాను దానికి,” అన్నాడు.

జోగమ్మ చీపురు పారేసి అక్కడే గుమ్మం మీద కూలబడి ఏడ్చింది. పుట్టింటికి నాలుగొందల మైళ్ళ దూరంలో ఎవడో ఒకడు చెల్లి అన్నాడని ఏడ్చింది. ఆ ఏడాది నుంచీ కాళీపూజ వెళ్ళిన రెండోనాడు, భాయ్ ఫోంటా అనే అన్నాచెల్లెళ్ళ పండగకి, ఎడమచేతి చిటికెనవేలితో ఘోష్ దాదా నుదుట గంధం బొట్టు పెట్టేది. ఆ వీధి బెంగాలీ పిల్లలందరికీ ఆమె పిషీ అయింది. ఆ పిలుపంటే ఆమెకి ప్రాణం.

యాభై అయిదులో జోగమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఇన్‌స్టిట్యూట్‌లో నాటకం. గణపతిరావుకి కొత్త హాస్యం ఏదీ తట్టలేదు. ఏం చేశాడో చూడండి. ఇంటికెళ్ళి ట్రంకు పెట్టె తీసి, పెళ్ళాం ఆకుపచ్చ నేతచీర కట్టుకుని వచ్చి, చీపురు పట్టుకుని స్టేజీ ఎక్కాడు. పిస్సి, పిషీ కథంతా ఆడి చూపించాడు. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకునే తీరూ, కోపం వస్తే తెలుగులో మొదలెట్టి హిందీలో ముగించే తిట్టూ, చేపలవాడి దగ్గర బేరం, ఒక్కటి వదలలేదు. హాలు ఊగిపోయింది. రెండుసార్లు మళ్ళీ చేయించారు.

తెర పక్కన నిలబడి కళ్ళార్పకుండా చూసినవాడు సుందర్ రాజు. స్టోర్సులో గుమస్తా, పాతికేళ్ళవాడు, తల్లి లేదు, తాల్‌బగీచాలో ఒక గది అద్దెకి తీసుకుని ఉండేవాడు. చర్చిలో పాడిన గొంతు, నాటకాల్లో ఆడవేషాలకి అతనే. “అన్నా, అదేటన్నా అలా సేసినావు! వదినే వచ్చి నిలబడినట్టున్నాది,” అని గణపతిరావు కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఒకటికి పదిసార్లు చేయించుకుని, తనూ చేసి చూపించి, తప్పులు దిద్దించుకున్నాడు. తర్వాత జోగమ్మ పసిపిల్లతో తిరిగొచ్చింది. పిల్ల పేరు గంగాభవాని. ఆమె వచ్చిన దగ్గర్నుంచీ సుందర్ రాజు మధ్యాహ్నం భోజనం వాళ్ళింట్లోనే. తల్లిలేని పిల్లాడని ఆమె చేపముక్క ముందు అతనికే వేసేది. రెండేళ్ళు తిన్నాడు. స్టేజీ మీద తన వేషం పడిందన్న సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమె నోటికి జడిసి, మొగుడూ పెళ్ళాల మధ్య మనకెందుకని, చూసినవాళ్ళెవరూ అప్పుడూ ఆ తర్వాతా ఆమెతో అనలేదు. మొగుడు అసలే చెప్పలేదు.

యాభై ఏడులో సుందర్ రాజు రాజీనామా ఇచ్చి మద్రాసు బండి ఎక్కాడు. ఏడాది తిరక్కుండా సినిమాలో కనిపించాడు. అక్కణ్ణుంచి ఏడెనిమిదేళ్ళపాటు ఆ మనిషి పేరు లేని తెలుగు బొమ్మ లేదంటే నమ్మాలి. గోడ మీద కథానాయకుడి మొహం పక్కనే అతని మొహం. అతను తెర మీద కాలు పెడితే ఈలలు.

ఖరగ్‌పూర్‌కి తెలుగు బొమ్మ ఆదివారం పొద్దుటాటకే వచ్చేది, అదీ బెజవాడలో వందరోజులు ఆడి, రీళ్ళు గీతలు పడ్డాక. అయితేనేం, హాలు నిండిపోయేది. మొదటి ఆరేళ్ళూ గణపతిరావు పండగ చేసుకున్నాడు. హాల్లో ముందు బెంచీ, పక్కన షాపు జోడీదారు అప్పలకొండ. తెర మీద సుందర్ రాజు కుంటుతూ నడిస్తే, “ఆ నడక నాది,” అనేవాడు. ఎక్కిళ్ళు పెడితే, “ఆ ఎక్కిళ్ళు నానే నేర్పినాను.” టోపీ తిరగేసి పెట్టుకుంటే, “మన ఇన్‌స్టిట్యూట్‌లో నేర్సుకున్నాడురా.” ఒక్కటీ నిజం కాదు. అవన్నీ సుందర్ రాజు సొంతంగా కష్టపడి పట్టినవి. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, ఆ పేరుతో మనవాడు షాపులో టీలు తాగాడు, పెళ్ళిళ్ళలో ముందువరస కుర్చీలో కూర్చున్నాడు. ‘గురువుగారూ’ అని పిలిపించుకున్నాడు కూడా. పిలిచేవాళ్ళు ఎకసెక్కానికి పిలిచారో నిజంగానే పిలిచారో అతనికి అక్కర్లేదు.

అరవై నాలుగు మాఘమాసంలో ఒక బొమ్మ వచ్చింది. బెజవాడలో ఈ బొమ్మకి జనం కుర్చీలు విరగ్గొట్టారట అని ముందే చెప్పుకున్నారు. ఆదివారం పొద్దుట అందరూ వెళ్ళారు. ఆడవాళ్ళ వైపు జోగమ్మ, పక్కన తొమ్మిదేళ్ళ గంగాభవాని.

నాలుగో రీల్లోనో అయిదో రీల్లోనో సుందర్ రాజు చీర కట్టుకుని వచ్చాడు. మద్రాసులో ఒక జమీందారు ఇంట్లో వంటకి కుదిరిన ఖరగ్‌పూర్ మనిషిట. పేరు పిస్సమ్మ. చేపలవాడి దగ్గర ధర అడుగుతూ, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, “ఓలమ్మో! ఏటి దాదా, ఇంత దామేటి? సేప నిదరోతన్నాదా, సచ్చిపోనాదా?” అంది. అంతే, హాలు పగిలిపోయింది. ఇంతలో పక్కింటి బెంగాలీ పిల్ల గుమ్మంలోకొచ్చి ‘పిషీ’ అంది. పిస్సమ్మ చీపురు తీసింది.

అందరికంటే ముందు నవ్వినవాడు గణపతిరావు. ఆనందంతో ఒళ్ళు మరిచిపోయాడు. ఆరేళ్ళుగా ఎదురుచూసిన నిజం తెర మీద కనపడేసరికి బెంచీ ఎక్కి నిలబడి, “నాదిరా! ఇది నాదిరా అప్పలకొండా! సత్తెప్రమానికంగా నానే నేర్పినాను!” అని హాలంతా వినపడేట్టు అరిచాడు. అరిచాకగానీ గుర్తుకు రాలేదు, ఆడవాళ్ళ వైపు ఎవరు కూర్చున్నారో.

ఇంటర్వెల్‌కి దీపాలు వెలిగాయి. తలలన్నీ ఒకేసారి ఆడవాళ్ళ వైపు తిరిగాయి. జోగమ్మ ఏం చెయ్యాలో తెలియక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెర మీద ఇంతకుముందే చూసిన తీరు అది. హాలంతా మళ్ళీ గొల్లుమంది. ఆమె చెంగు దించేసింది, మళ్ళీ పెట్టుకుంది, పిల్ల చెయ్యి పట్టుకుని మనుషుల మోకాళ్ళు తప్పించుకుంటూ బయటికి నడిచింది. గణపతిరావు బెంచీ దిగి, నేల చూస్తూ, మిగతా బొమ్మ అంతా కూర్చున్నాడు. లేచి ఆమె వెనకాల వెళ్ళలేదు.

ఇంటికెళ్ళేసరికి ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

“బావా, నువ్వు బెంచీ ఎక్కి నేర్పినానని అరిసినావు. ఏటి నేర్పినావు ఆడికి?”

ఆ క్షణంలో ఒక్క మాట చాలు. ‘తప్పయిపోయిందే’ అని ఒక్క మాట. తిట్టేది, నాలుగురోజులు అన్నం పెట్టేది కాదు, అంతే కదా. కానీ ఆరేళ్ళు తనవి కానివన్నీ తనవని చాటిన నోరు, తనదైన ఒక్కదాన్నీ తనది కాదంది.

“నడక. ఆ నడకొక్కటే నానే నేర్పినాను. మిగతాదంతా ఆడే మనింట్లో తింటా, నిన్ను సూస్తా, మూట కట్టుకుని ఎల్లినాడు. నాకేటి తెలుసు?”

“నా సేతి కూడు తిన్నాడు,” అంది జోగమ్మ. “సేపముక్క ముందాడికే ఏసినాను. తల్లి నేని గుంటడని ఏసినాను. నన్నిలా బజార్న పెట్టినాడా?”

“ఆడంతే. విశ్వాసం నేనోడు,” అన్నాడు గణపతిరావు. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ మాట తలుచుకున్నప్పుడల్లా అతనికి చెవులు వేడెక్కేవి.

మర్నాడు జోగమ్మ కుళాయికి వెళ్తే, “పిస్సమ్మ వచ్చినాది, జరగండే,” అన్నారు. చెడ్డ మనసుతో అనలేదు, ముద్దుకే అన్నారు. సినిమాకెక్కిందని గొప్పగా కూడా చూశారు. కానీ ఆమె నోరు తెరిస్తే చాలు నవ్వు. “ఉప్పున్నాదా వదినా?” అంటే నవ్వు. “వానొస్తన్నాది” అంటే నవ్వు. గంగాభవానిని బళ్ళో పిల్లలు “మీ అమ్మ చీపురేదీ?” అని అడిగారు. పదిహేను రోజులు ఓర్చుకుంది. ఆ తర్వాత తెలుగు మాట్లాడటం మానేసింది.

మూగనోము కాదు. బెంగాలీలో మాట్లాడేది. కొట్లో బెంగాలీ, కుళాయి దగ్గర బెంగాలీ, తెలుగువాళ్ళు తెలుగులో అడిగినా బెంగాలీలోనే జవాబు. మూడునెలలకి ఇంట్లో కూడా అదే అయింది. ఆ భాషలో ఆమె మాటని ఎవరూ వేషం కట్టలేదు మరి. అక్షరం పొల్లుపోని బెంగాలీ కాదు, కానీ ఘోష్ దాదా ఇంట్లో ఎవరూ నవ్వేవారు కాదు. ఆ బెంగాలీలో హాస్యం లేదు, సామెత లేదు, తిట్టు లేదు. కావలసినంత మాట, అయిపోగానే మౌనం. మొగుడితో మాత్రం ‘తుమి’ అనేది, అంటే నువ్వు అని. బయటివాళ్ళని ‘ఆప్‌ని’ అనాలి, మీరు అని. ఆ తుమి ఒక్కటే గణపతిరావుకి మిగిలిన ఊరట.

అరవై అయిదులో సుభాష్‌పల్లిలో అప్పలకొండ కూతురి పెళ్ళి. అప్పలకొండ పెళ్ళాం బొట్టు పెట్టి పిలవడానికొచ్చి, “నువ్వు రాకపోతే నలుగు పాట ఎవులెత్తుతారే?” అని చేతులు పట్టుకుంది. జోగమ్మ తల అడ్డంగా ఊపి, “ఆమార్ గొలా భాలో నేయ్,” అంది. గొంతు బాగాలేదని. పెళ్ళిలో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు పాట మొదలెట్టి మధ్యలో మరిచిపోయారు. గణపతిరావు వెనకవరసలో కూర్చుని అది విన్నాడు. ముందువరస కుర్చీకి ఎవరో పిలిచినా వెళ్ళలేదు.

షాపులో ‘గురువుగారూ’ అంటే మండిపడేవాడు. “నాకేటీ తెలీదు, ఆడెవడో నానెవడో,” అనేవాడు. నాటకాలు మానేశాడు. తేలు కుట్టిన దొంగ అని వినడమే గానీ, ఆ దొంగ నాలుగేళ్ళు ఎలా పడుకున్నాడో, ఎలా లేచాడో మనకెవరూ చెప్పలేదు. గణపతిరావుకి తెలుసు. పొద్దుట కార్ఖానా కూత వినగానే లేచేవాడు, పెళ్ళాం బెంగాలీలో టీ అందించేది, తాగేవాడు. ఎదురుగా కూర్చుని చెప్పెయ్యాలని ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు. చెప్తే ఆ తుమి కూడా పోతుందని భయం.

ఈలోగా మద్రాసులో సుందర్ రాజు పని అయిపోవస్తోంది. జనం నవ్వారు కదా అని నిర్మాతలు ప్రతి బొమ్మలోనూ అదే పిస్సమ్మని పెట్టారు. పెళ్ళింట్లో పిస్సమ్మ, ఆస్పత్రిలో పిస్సమ్మ, రైల్లో పిస్సమ్మ. ఏడో బొమ్మకో ఎనిమిదో బొమ్మకో జనానికి మొహం మొత్తింది. కొత్త హాస్యగాళ్ళొచ్చారు. అరవై ఎనిమిదికి గోడ మీద అతని మొహం వెతుక్కోవలసి వచ్చేది. అప్పుడు గుర్తొచ్చాడు ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకి. మనవాడు, మన ఊరివాడు, సన్మానం చేద్దామన్నారు. అతనూ వస్తానన్నాడు. పాపం, పిలిచేవాళ్ళు తగ్గిపోయారు.

కబురు వినగానే జోగమ్మ కత్తిపీట మీద కూర కొయ్యడం ఆపి బెంగాలీలో చెప్పింది: రానీ. అందరి ముందూ లేచి అడుగుతాను. నా అన్నం తిని నన్నెందుకు అమ్ముకున్నావు అని అడుగుతాను. జవాబు చెప్పాక గానీ కదలనివ్వను.

గణపతిరావు లెక్క వేసుకున్నాడు. ఆమె అడిగితే సుందర్ రాజు ఉన్నమాట చెప్తాడు. చెప్పకేం?

సన్మానం రోజున మద్రాసు మెయిలు వచ్చే వేళకి అందరికంటే ముందు అతనే ప్లాట్‌ఫారం మీదున్నాడు. సుందర్ రాజు ఒక్కడే దిగాడు. చెంపలు పీక్కుపోయాయి, జుట్టుకి నల్లరంగు. గణపతిరావుని చూసి మొహం వెలిగిపోయింది.

“అన్నా! కోపమేటన్నా నా మీద? ఎన్ని పత్రికలోల్లకి నీ పేరు సెప్పినానో! పిస్సమ్మ నాది కాదు, మా గణపతి అన్నదీ అన్నాను. ఆల్లు అచ్చేస్తేనా!”

గణపతిరావు ఏడ్చేశాడు. చుట్టూ కూలీలు, ప్రయాణికులు చూస్తున్నా ఆగలేదు. జరిగిందంతా చెప్పి, చివరికి చేతులు జోడించాడు. “తమ్ముడూ, నా పేరు సెప్పకు. జోగి అడిగితే నీదే అను. నా మీదకి తేకు. నీ కాల్లు పట్టుకుంటాను.”

సుందర్ రాజు అతని చేతులు పట్టుకున్నాడు. “వదిన మాట మానేసినాదా? ఆ వదినేనా?” అన్నాడు. నమ్మలేకపోయాడు. పెట్టె ఎత్తుకుంటూ, “సరేలే అన్నా. రెండేల్లు ఆవిడి కూడు తిన్నాను, ఓ గంట తిట్లు తిన్లేనా? అరిగిపోతాదిలే,” అన్నాడు. మంచివాడే. ఆ మంచితనం గణపతిరావుని మరీ చిన్నవాణ్ణి చేసింది.

సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ హాలు కిటకిటలాడింది. శాలువా కప్పారు, దండ వేశారు. ఎవడో వెనకనుంచి “పిస్సమ్మ! పిస్సమ్మ!” అని అరిచాడు. అప్పుడు లేచింది జోగమ్మ. కుర్చీల మధ్య నుంచి స్టేజీ దగ్గరికి వచ్చి, తల ఎత్తి నిలబడింది. హాలు చప్పున చల్లారింది.

“ఒరే సుందర్ రాజూ!” అంది.

తెలుగు! నాలుగేళ్ళ తర్వాత తెలుగు. తెర పక్కన నిలబడ్డ గణపతిరావు తెర అంచు పట్టుకుని ముందుకు వంగాడు.

“ఒరే, నీకు తల్లి నేదని కూడెట్టినాను. నీ పళ్ళెంలో సేపముక్క ఏసి నా పళ్ళెంలో పులుసేసుకున్నాను. నీకేటి తక్కువ సేసినానురా సచ్చినోడా? నీకు నవ్వులు గావాలంటే నీ నడక నేదా, నీ మొకం నేదా? ఊల్లో ఇంతమంది ఆడోల్లుంటే నా నోరే దొరికినాదా నీకు? నా మేనకోడలు పిల్ల పిషీ అని పిలిస్తే, అదేదో బూతులాగ దేశమంతా తిప్పినావు కదరా! నాలుగేల్లయినాది నాను నా బాసలో ఏడిసి! నలుగు పాటెత్తుదామంటే నా గొంతులోంచి నువ్వే పలుకుతన్నట్టుంటాది. నా మాట నాకు తెచ్చియ్యరా! నీ సాలువా నువ్వుంచుకుని నా మాట నాకియ్యి!”

ఎక్కడ ఆగిందో తెలియదు. తిట్లు, సామెతలు, పుట్టింటి ఊరి మాటలు, నాలుగేళ్ళవీ కట్ట తెగినట్టు వచ్చాయి. ఒక్కరూ నవ్వలేదు. సుందర్ రాజు స్టేజీ దిగి ఆమె కాళ్ళ మీద పడ్డాడు. “తప్పు నాదే వదినా. నానే దొంగతనం సేసినాను. ఎవులూ నేర్పనేదు,” అన్నాడు. శాలువా తీసి ఆమె పాదాల దగ్గర పెట్టాడు. అందరూ చూస్తుండగా తెర పక్కనున్న గణపతిరావు వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

గణపతిరావు అక్కడే ఉన్నాడు. ఆమె గొంతు వింటూంటే ఎండిన చేలో నీళ్ళు పారుతున్నట్టుంది. కానీ ఆ తిట్టులో ప్రతి ముక్కా తనది, వేరేవాడు తింటున్నాడు. సిగ్గులేని మనిషి ఇంకోటి కూడా అనుకున్నాడు, చెప్పకపోతే తప్పవుతుంది. ఆ వేషం ‘ఎవులూ నేర్పనేదు’ అని సుందర్ రాజు అనగానే, లోపల ఒక మూల ఏదో చివుక్కుమంది. అప్పుడు కూడా! తన్ని తనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

సుందర్ రాజు మర్నాటి బండికి వెళ్ళిపోయాడు. జోగమ్మకి మాట వచ్చేసింది. సోమవారం కుళాయి దగ్గర బిందెలు పొర్లాయి. బుధవారం ఎవరింట్లోనో నలుగు, మళ్ళీ ఆమె పాట. పిస్సమ్మ అని ఎవరూ అనలేదు. పదమూడేళ్ళ గంగాభవాని తల్లి వెనకాలే తిరుగుతూ, ఆమె ఏమన్నా ఎగిరి గంతేసింది. ఆ వారం ఆ ఇంట్లో పండగే. ఊరుకుంటే అంతా సర్దుకునేది.

ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసు. గణపతిరావు పీట మీద కూర్చున్నాడు. జోగమ్మ వడ్డిస్తూ చేపముక్క రెండోది కూడా వేసి, పక్కన కూర్చుంది.

“బావా, ఒకటి సెప్పాల. ఈ నాలుగేల్లూ నిన్ను నాను శానా ఏడిపించినాను. నువ్వు పల్లెత్తు మాటననేదు. ఊరంతా నన్ను సూసి నవ్వినాది, నువ్వొక్కడివే నవ్వనేదు. నువ్వు నాటకాలు మానేసినావు నాకోసరం, నాకు తెల్దా? నాకు నువ్వు నేకపోతే నాను నిజంగానే పిస్సిదాన్నయిపోదును.”

గణపతిరావు చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. తిట్టి ఉంటే భరించేవాడు. అనుమానపడినా, అడిగినా, బొంకడం అలవాటైన నోరే కదా, ఇంకోసారి బొంకేవాడు. ఆ మెప్పు మాత్రం గొంతు దిగలేదు.

“జోగీ,” అన్నాడు. “సుందర్ రాజు కాదే. నానే.”

ఆమెకి అర్థం కాలేదు. “ఏటి నువ్వు?”

“గంగ పుట్టినప్పుడు నువ్వు ఊరెల్లినావు సూడు. నీ ఆకుపచ్చ సీర కట్టినాను. ఇన్‌స్టిట్యూట్‌లో నిన్ను ఆడినాను. సీపురు, సేపలోడు, అంతా నాదే. ఆడికి దిద్ది దిద్ది నేర్పినాను. మొన్న టేసన్‌లో ఆడి కాల్లు పట్టుకుంటే నా తప్పు నెత్తినేసుకున్నాడు. ఆడు నిన్నేటీ సెయ్యనేదే. ఆడు తిన్న తిట్లన్నీ నాయే.”

జోగమ్మ అతని మొహంలోకి చూసింది. కోపంగా చూడలేదు. ఎవరో కొత్త మనిషి వచ్చి పీట మీద కూర్చుంటే, ఎక్కడో చూశానే అని గుర్తు చేసుకుంటున్నట్టు చూసింది. గణపతిరావు తిట్టు కోసం ఎదురుచూశాడు. హాల్లో విన్న ఆ తిట్లు, అవన్నీ ఇప్పుడు తనకి కావాలి. ఒరే అన్నా చాలు, సచ్చినోడా అన్నా చాలు.

ఆమె లేచింది. గిన్నెలోంచి అన్నం తీసి అతని పళ్ళెంలో ఇంకొంచెం వడ్డించింది. చెంగు సర్దుకుని, చాలా మర్యాదగా, ఇంటికొచ్చిన పరాయి మగవాడితో మాట్లాడినట్టు మాట్లాడింది.

“ఆప్‌ని భాత్ ఖేయే నిన్.”

మీరు భోంచెయ్యండి అని.

గణపతిరావు భోంచేశాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళకి రిటైరయ్యేదాకా, రిటైరైన తర్వాత కూడా, ఆమె ఊరందరితో తెలుగు మాట్లాడింది.